తీగ మీది చొక్కా

...అయినా ఆ చొక్కా ఎండి మూడు రోజులయింది, తీసి లోపల వేసుకోవచ్చు కదా, అనుకుంది రాజవ్వ. తీసుకోవలసినవాడు లేడని మళ్ళీ గుర్తొచ్చింది. గుర్తొచ్చినా లోపల ఏమీ కదల్లేదు.

మందుల ఫ్యాక్టరీ బట్టలు గదుల్లో ఆరేయొద్దు, వాసన. బయట తీగ మీదే ఆరేయాలి. అది ఆమె పెట్టిన నియమమే. బొల్లారం దగ్గర ఆమె మక్కలు పండించిన చెలకలో ఇప్పుడు పదకొండు రేకుల గదులు. అన్నిట్లోనూ ఒరిస్సావాళ్ళు, బీహారువాళ్ళు. వాళ్ళ కిరాయితోనే ఆమె బీపీ మాత్రలు, మనవరాలు అంకిత కాలేజీ ఫీజు. సందు చివర కిరాణా, కోడి దుకాణం, షేర్ ఆటోలు నడిచేది కూడా వాళ్ళతోనే. పండగకు వాళ్ళు రైలెక్కితే సందు మూతపడుతుంది. అయినా ఆమె ఎవరినీ పేరుపెట్టి పిలవలేదు. మూడో గది, ఏడో గది, అంతే.

ఏడో గది పేరు బిపిన్ అని అతను చచ్చాకే తెలిసింది. సోమవారం ఫ్యాక్టరీలో రియాక్టర్ దగ్గర ఆవిరి కొట్టి పోయాడని పక్క గదివాళ్ళు చెప్పారు. మర్నాడే బాలరాజ్ వాళ్ళను ఊరికి పంపేశాడు.

బాలరాజ్ లేబర్ కాంట్రాక్టరు, ఆమె మరిది కొడుకు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"పెద్దమ్మా, లేబరాఫీసు మేడం వస్తున్నది. వాడు పది రోజుల కిందనే రూం ఖాళీ చేసిండని చెప్పు. గంతే."

"సోమారం పొద్దుగాల నా నల్లా కాడనే నీళ్ళు పట్టుకున్నడు కదరా."

"పట్టుకుంటే? పని ఇడిసి ఊరికి పోతుంటే తొవ్వల గుండె ఆగి సచ్చిండని రాపిస్తున్న. పనిల సచ్చిండంటే వాని పెండ్లానికి పైసలు కట్టాలె, నా కాంట్రాక్టు పోతది. నీ రూములు ఎవడు నింపుతడు మరి?"

"నువ్వే."

"ఎరికే కదా! ఒరిస్సాయన కోసం బీపీ గోలీలు బంద్ జేస్తవా ఏంది?" నవ్వాడు. "జెర ఆ అంగీ తీసెయ్. దాని మీద కంపెనీ పేరున్నది."

ఆమె తల ఊపింది. అది వేరెవరి తలో ఊగినట్టుంది. పదకొండు తలుపులకు పదకొండు తాళాలు కళ్ళ ముందు కనిపించాయి. భయం వేయాలి. వేయలేదు.

జీపు ఆగింది. అధికారి ఫైలు తెరిచింది. "బిపిన్ ఇక్కడ ఎప్పటిదాకా ఉన్నాడమ్మా?"

"పది రోజులైంది మేడం పోయి," అన్నాడు బాలరాజ్.

రాజవ్వ లేచి తీగ దగ్గరకు నడిచింది. చొక్కా తీసింది. బాలరాజ్ ముఖం తేలికపడింది. ఆమె గుండీలు పెట్టి, చేతులు లోపలికి మడిచి, కంపెనీ పేరు పైకి కనబడేలా మడతపెట్టింది. తిరిగి వచ్చి అధికారి చేతిలో పెట్టింది.

"మొన్న ఆదివారం ఉతికి ఆరేసిండు," అంది. "బిపిన్‌ది."