ఎడమ అరలో అత్తగారి కిమ్చీ

గ్లాసులో కొంచెం బీరు వంపుకుని ముక్కు దగ్గర పెట్టుకోగానే బ్యోన్ సాంగుక్ ప్రాణం ఉసూరుమంది. వెన్న వాసన! నెల రోజులుగా పసిబిడ్డను సాకినట్టు సాకిన బీరది. శనివారం గ్యాసు ఎక్కించి, ఆదివారం గ్లాసుల్లో పొయ్యాలి. ఇవాళ బుధవారం.

బీరు కాచేవాళ్ళందరికీ ఈ తంటా తెలిసిందే. చల్లగా పులిసే బీరులో చివరికి ఇలాంటి వాసన మిగులుతుంది. రెండు మూడు రోజులు కాస్త వెచ్చగా ఉంచితే చాలు, మత్తుగా పడుకున్న ఈస్టు లేచి, తను చేసిన గలీజు తనే ఎత్తేసుకుంటుంది. మనుషులకు లేని బుద్ధి దానికుంది.

వెచ్చబెట్టే ఉపాయం కూడా సాంగుక్ చేతిలోనే ఉంది. బీరు డబ్బా ఉన్నది వంటింటి వెనక వరండాలో, క్యాబేజీకి కారం పట్టించి పులియబెట్టే కిమ్చీ కోసం చేసిన ఫ్రిజ్‌లో. పైకి మూత ఎత్తే రకం, రెండు అరలు. ఎడమ అర భార్య హేరాన్‌ది, కుడి అర అతనిది. కిమ్చీ తొందరగా పులవాలనుకునే వాళ్ళ కోసం ఆ ఫ్రిజ్‌కు 'ముగ్గించే' మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే అర వెచ్చబడుతుంది. దాన్ని బీరుకు వాడొచ్చని తమ ఊరు మాసాన్‌లో తానే మొదట కనిపెట్టానని సాంగుక్ నమ్మకం. బీరు కాచే మిత్రబృందం కలిసినప్పుడల్లా ఆ ముక్క చెప్పకుండా లేవడు.

కళ్ళద్దాలు టీవీ దగ్గరున్నాయి. పది అడుగులు వేసి తెచ్చుకోవచ్చు కదా? ఊహూ! మీట నొక్కాడు, టింగుమంది, ఎర్ర దీపం వెలిగింది. చేతులు దులుపుకుని లోపలికి వచ్చేశాడు. ముందు ఏ అరో ఎంచుకుని, ఆ తర్వాతే మీట నొక్కాలి. ఎంచుకోకపోతే ఫ్రిజ్ ఎప్పుడూ ఎడమ అరనే తీసుకుంటుంది.

ఎడమ అరలో ఉన్నది ఒకే ఒక్క పెట్టె. హేరాన్ వాళ్ళమ్మ చేత్తో పెట్టిన ఆఖరి కిమ్చీ.

ఆవిడది సముద్రం ఒడ్డున ఉన్న తోంగ్యోంగ్. కిందటి నవంబరులో, దగ్గుతూనే, నడుముకు శాలువా బిగించుకుని, వద్దన్నవాళ్ళందరినీ తిట్టి మరీ క్యాబేజీలు ఉప్పులో వేసింది. పచ్చి చేప ముక్కలు దట్టించి కూరింది. ఏటా నాలుగు పెట్టెలు వచ్చేవి, ఈసారి రెండే వచ్చాయి. సాంగుక్‌కు కుడి అర దక్కింది అందుకే. జనవరిలో ఒక సాయంత్రం ఆవిడ కూతురికి ఫోను చేసింది. హేరాన్ తల దువ్వించుకుంటూ సెలూన్‌లో ఉంది, ఇంటికెళ్ళి మాట్లాడదాంలే అనుకుంది. ఇంటికెళ్ళేసరికి మాట్లాడడానికి అమ్మ లేదు.

మొదటి పెట్టె అంతకు ముందే అయిపోయింది. రెండోది హేరాన్ మూత తియ్యలేదు. ఆదివారం వాళ్ళమ్మ పుట్టినరోజు, పోయాక వచ్చే మొదటిది. సామ్‌చన్‌పో ఊరి చిన్నమ్మ వస్తుంది, పుట్టినరోజుకు చేసే సముద్రపు నాచు చారు కాస్తాను, ఆరోజు తీస్తాను అని పెట్టుకుంది. పొద్దున్నే వరండాలోకి వెళ్ళి, మూత ఎత్తి, పెట్టె మీద ఒకసారి చెయ్యి వేసి వచ్చేది. ఆ వారమంతా ఆఫీసులో తనిఖీలు. చీకటితో వెళ్ళి చీకటితో రావడంతో ఆ పని కూడా పడలేదు. ఖర్మ కాకపోతే ఆ వారమే కుదరకపోవాలా?

సాంగుక్ బీరు కాచింది కూడా అత్తగారి కోసమే, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి తాగినప్పుడు, "ఏంటల్లుడూ ఇది, గుర్రపు ఉచ్చలా ఉంది!" అని మొహం చిట్లించి, రెండో గ్లాసు తనే వంపుకుంది. "నా పుట్టినరోజుకి కాస్త మంచిది కాయండి మరి" అంది. అందుకని ఆదివారం ఫోటో ముందు ఒక గ్లాసు పెడదామనుకున్నాడు.

శనివారం పొద్దున హేరాన్ బజారుకు వెళ్ళింది. సాంగుక్ ఈల వేసుకుంటూ వరండాలోకి వెళ్ళి కుడి అర మూత తీశాడు. లోపల చెయ్యి పెడితే జిల్లుమంది. బీరు రుచి చూశాడు, అదే వెన్న. ఇదేంటి ఇలా అనుకుంటూ పక్క మూత మీద చెయ్యి ఆన్చాడు. అక్కడ వెచ్చగా తగిలింది.

ఎత్తాడు. పెట్టె మూత ఒకవైపు పైకి ఉబికి ఉంది. ఎర్రటి రసం పొంగి అర అడుగున మడుగు కట్టింది. పులుపు వాసన గుప్పుమని మొహాన కొట్టింది. ఒక ఆకు చించి నోట్లో వేసుకున్నాడు. కరకరలాడాల్సింది మెత్తగా, నాలుక పొక్కేంత పుల్లగా ఉంది.

"చచ్చాన్రా దేవుడా!" అన్నాడు పైకే.

ఆ తర్వాత చేసింది తల్చుకుంటే అతనికి ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది. మీట మళ్ళీ నొక్కి అర చల్లబెట్టాడు. గుడ్డ తెచ్చి రసం తుడిచాడు. పెట్టె మూత నొక్కి పెట్టాడు. గుడ్డ ఉతికి, చేతులు రెండుసార్లు కడుక్కుని, వచ్చి పేపరు పట్టుకున్నాడు. సాయంత్రం నెమ్మదిగా చెబుదాం, అన్నం తిన్నాక చెబుదాం అనుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉందో తిన్నగా ఉందో అతనికే తెలియదు.

మధ్యాహ్నం హేరాన్ బజారు సంచీలు దించి, నేరుగా వరండాలోకి వెళ్ళింది. ఫ్రిజ్ మూత ఎత్తిన చప్పుడు వినిపించింది.

"సోల్బీ నాన్నా!" అని కూతురి పేరు పెట్టి పిలిచిన ఆ పిలుపు కేక కాదు, ఏడుపు. "ఒకసారి ఇలా రండి!"

వెళ్ళేసరికి పెట్టె ముందు నేల మీద కూలబడి ఉంది. వేళ్ళకు ఎర్రటి రసం అంటుకుంది.

"పులిసిపోయిందండీ. మొత్తం పులిసిపోయింది. కిందటి ఆదివారం ఫ్రిజ్ మీద దుమ్ముందని తుడిచాను. మీటల మీద కూడా రుద్దాను. నా చెయ్యే తగిలుంటుంది."

నోరు తెరిచాడు. చెప్పడానికే తెరిచాడు, పాపం అబద్ధం కాదు. కానీ నోట్లోంచి వచ్చింది ఇది:

"పోనీలే, నువ్వు కావాలని చేశావా ఏంటి?"

హేరాన్ అతని మోకాలికి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. "అమ్మ ఆఖరి ఫోనూ ఎత్తలేదు. ఆఖరి పెట్టె కూడా నా చేత్తోనే పాడుచేసుకున్నాను. ఏం కూతుర్నండీ నేను?"

సాంగుక్ ఆమె వీపు నిమిరాడు. తన తప్పుకు ఆమెను క్షమించాడన్నమాట! ఇంతకన్నా సిగ్గుచేటు పని మరొకటుందా? ఆమె కళ్ళు తుడుచుకుని, "మీరు కాబట్టి ఒక్క మాట అనలేదు" అంది. ఆ మాటకు అతని చెయ్యి ఆమె వీపు మీదే ఆగిపోయింది.

ఆ రోజు హేరాన్ వంట చేస్తూ ఏడ్చింది, బట్టలు మడతపెడుతూ ఏడ్చింది. సోల్బీకి ఫోను చేసి, "అమ్మమ్మ కిమ్చీ పాడు చేశానే" అని చెప్పి మళ్ళీ ఏడ్చింది. అతను ఇంట్లో ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరిగాడు. ప్రతిసారీ చెబుదామని వచ్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ముందే చెప్పి ఉంటే ఒక్క తప్పే అయ్యేది. ఇప్పుడు చెప్తే, నిన్నెందుకు ఓదార్చానో కూడా చెప్పాలి.

ఆదివారం సామ్‌చన్‌పో చిన్నమ్మ వస్తూనే చెప్పులు విప్పకుండా మొదలుపెట్టింది. "ఏమే, కళ్ళు అలా ఉబ్బాయేంటే?"

నాచు చారు, అన్నం, కాల్చిన చేప బల్ల మీదకు వచ్చాయి. వాళ్ళమ్మ ఫోటో గోడకానించి ఉంది. మధ్యలో కిమ్చీ గిన్నె ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. హేరాన్ తల వంచుకుని, జరిగిందంతా తన మీదే వేసుకుని చెప్పింది.

చిన్నమ్మ చెంచా కింద పెట్టేసింది.

"మీటల మీద గుడ్డ పెట్టి తుడుస్తారటే ఎవరైనా? చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు, చేతులు ఒకచోట కుదురుగా ఉండవు! మా అక్క వేళ్ళు కొంకర్లు పోతున్నా ఆ ఉప్పునీళ్ళలో చేతులు పెట్టి కడిగిందే. నేను పక్కనే ఉన్నాను. 'ఇంక చాలే అక్కా' అంటే 'మా హేరాన్‌కి నా కిమ్చీ లేందే ముద్ద దిగదు' అంది. అంత చేస్తే, ఒక్క పెట్టె చూసుకోలేకపోయావా?"

"తప్పే చిన్నమ్మా" అంది హేరాన్. కన్నీళ్ళు చారులో పడుతున్నాయి. తుడుచుకోలేదు.

చిన్నమ్మ సాంగుక్ వైపు తిరిగింది. గొంతు మెత్తబడింది. "ఇంకొకడైతే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. బ్యోన్ అల్లుడుగారు బంగారం కాబట్టి సరిపోయింది. నీ అదృష్టమే పిల్లా!"

ఆ బంగారం అనే మాట అతని వల్ల కాలేదు.

"చిన్నత్తగారూ, ఆ మీట నొక్కింది నేను."

ఇద్దరూ అతని వైపు చూశారు.

"బీరు కోసం నొక్కాను. ఏ అరో చూసుకోలేదు. తను తుడవడం వల్ల ఏమీ కాలేదు. నిన్న పొద్దునే చూశాను. పొంగిన రసం తుడిచేసి, ఏమీ తెలియనట్టు కూర్చున్నాను."

చిన్నమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో రాత! మరి ఇది నిన్నంతా ఏడుస్తుంటే..." అని ఆగిపోయింది. హేరాన్ ఫోటోలోని తల్లి వైపు కూడా చూడలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళింది.

కత్తి చప్పుడు వినిపించింది. కిమ్చీ తరుగుతోంది. పంది మాంసం ముక్కలు నూనెలో చుయ్యిమన్నాయి. పులుపు ఘాటు ఇల్లంతా కమ్ముకుంది. సాంగుక్ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. మీ అమ్మ పుట్టినరోజు కోసమే ఆ బీరు కాచాను అనే మాట నాలుక చివర ఉంది. అది చెప్తే తన బరువు తగ్గుతుందేమో గానీ ఆమెకు ఒరిగేదేమీ లేదని, నిన్నటి నుంచి మొదటిసారి బుద్ధిగా ఆలోచించి, మింగేశాడు.

హేరాన్ మరుగుతున్న కూర గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. ముందు తల్లి ఫోటో దగ్గర ఒక గిన్నె. చిన్నమ్మకు ఒక గిన్నె. అతనికీ నిండుగా వడ్డించింది. అందరికన్నా ఎక్కువ ముక్కలు అతని గిన్నెలోనే వేసింది.

చిన్నమ్మ ఒక చెంచా ఊదుకుని తిని, కళ్ళు మూసుకుంది. "అక్క చెయ్యే ఇది. ఎంత పులిసినా అక్క చెయ్యే."

సాంగుక్ కూడా తిన్నాడు. బాగుంది. అంత బాగుండడమే భరించలేకపోయాడు.

"హేరాన్" అన్నాడు. "నన్ను తిట్టు. ఏదో ఒకటి అను."

ఆమె తన గిన్నెలో చెంచా ఆపి, అతని కళ్ళలోకి చూసింది. కోపంగా కూడా లేదు, అలిసిపోయినట్టుంది.

"కిమ్చీ పులిసిపోతే కూర వండుకోవచ్చు, సోల్బీ నాన్నా. వండాను కదా, తినండి. నిన్న మీ మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చాను చూడండి, దాన్ని ఏం వండుకోమంటారు?"

హేరాన్ చిన్నమ్మ గిన్నెలో ఇంకో చెంచా కూర వేసి, తన చారు తాగసాగింది.