సీజరుకు కబురు

ఈ ఉదయం పక్కింటి కుక్క అరుపు మా వంటింట్లోకి వచ్చింది. కుక్క రాలేదు.

అరుపు నీళ్లబిందె పక్కన, గోడ మూలకు చేరి కూర్చుంది. ఉల్లిపొరలా పలచగా ఉంది. నేను దగ్గరికి వెళితే బెదరదు. చేతిలోకి తీసుకుంటే బరువు ఉండదు, కొంచెం వెచ్చగా మాత్రం ఉంటుంది. ఎటు తిప్పి పట్టుకున్నా కిటికీ వైపుకే తిరుగుతుంది.

మా వంటింటి కిటికీ పక్కింటి పెరట్లోకి తెరుచుకుంటుంది. అక్క అక్కడే నిలబడి గంజి వార్చేది. రోజూ ఒక ముద్ద ఎక్కువ వండేది. ఎవరికని నేను అడగలేదు. ఇద్దరే ఉండే ఇంట్లో కొన్ని ప్రశ్నల అవసరం రాదు. అక్క లేకుండా అయ్యాక నేను ఆ ముద్ద వండలేదు, కిటికీ తెరవలేదు.

ఇప్పుడు తెరుస్తాను. పెరడు కనిపిస్తుంది. దాని అవతలి గోడ కనిపించదు.

అన్నంలో పెరుగు కలిపి స్టీలు డబ్బాలో పెడతాను. అరుపును అక్క తువ్వాలులో చుడతాను. చెప్పులు వేసుకుని పక్కింటికి వెళతాను.

పక్కింటి తాతబ్బాయి గారికి షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే దుకాణం ఉంది. వాళ్ల అరుగు మీద ఎర్ర కుర్చీలు ఒకదానిలో ఒకటి దూరి కప్పును తాకుతున్నాయి. ఆయన భార్య మంగాయమ్మ గారు వాటి కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"రండి చిన్న టీచరుగారూ. కూర్చోండి. మా ఇంట్లో కుర్చీలకేం కరువండీ," అంటుంది.

అక్కా నేనూ ఒకే బడిలో పనిచేసేవాళ్లం. వీధిలో అక్కను పెద్ద టీచరని, నన్ను చిన్న టీచరని పిలిచేవారు. ఇప్పుడు పెద్ద టీచరు లేకపోయినా నేను చిన్న టీచరునే. సరిదిద్దాలని నాకు అనిపించదు.

"మీ కుక్క అరుపు మా ఇంట్లోకి వచ్చిందండీ. ఇచ్చి వెళదామని వచ్చాను."

ఆవిడ తువ్వాలు మడత విప్పి చూస్తుంది. "మాదేనండి. ఎంత చిక్కిపోయిందో! ఏవండోయ్, ఇలా రండి. సీజరుగారి గొంతు పక్కింటికి కాపరానికెళ్లిందంట."

తాతబ్బాయి గారు కండువాతో మెడ తుడుచుకుంటూ వస్తారు. అరుపును చూసి తల దించుకుంటారు.

"కుక్క ఎక్కడుందండీ?" అని అడుగుతాను.

"ఉందండి. పెరడు చివర."

"అన్నం ఎవరు పెడుతున్నారు?"

ఆయన భార్య వైపు చూస్తారు. ఆవిడ చిక్కుడుకాయల వైపు చూస్తుంది.

"పెడదామనే ఉంటదండి," అంటారాయన. "గిన్నె పట్టుకుని బయల్దేరితే దార్లో అన్నం పాచిపోద్ది గానీ కుక్క రాదండి. పెరడు పెరిగిపోయింది."

"మనిషి నడవకపోతే పెరగదేంటి మరి," అంటుంది మంగాయమ్మ గారు. "ఈయన కాపలాకని కుక్కని తెచ్చారండి. ఇప్పుడా కుక్క ఎక్కడుందో చూడ్డానికి ఇంకో కుక్కని పెట్టాలి."

"ఎప్పటి నుంచి పెరుగుతోంది?"

ఆయన మా ఇంటి వైపు చెయ్యి చూపిస్తారు. "పెద్ద టీచరుగారు ఆ కిటికీలోంచి చూసినన్నాళ్లూ ఇంతే ఉండేదండి. ఆవిడ చెయ్యి చాపితే సీజరు నోటికి అందేసేది."

నేను డబ్బా మూత సరిగా ఉందో లేదో చూసుకుంటాను. "నేను వెళతాను," అంటాను.

"ఒక్కరూ ఏం వెళ్తారండి. పదండి, నేనూ వస్తాను," అని ఆయన గొడుగు తీసుకుంటారు.

మేం నడుస్తాం. మొదట కుర్చీలు ఉన్నాయి, అన్నీ ఒకే వైపు తిరిగి, ఎవరో మాట్లాడటం మొదలుపెడతారన్నట్టు. తరువాత వంటపాత్రలు. బోర్లించిన గుండిగల కింద ఎవరో నెమ్మదిగా ఊపిరి తీస్తున్నారు. ఎండ ఒకే చోట నిలబడి ఉంది.

పాత్రలు అయిపోయిన చోట ఒక షామియానా ఉంది. దాని కింద విస్తళ్ల ముందు మనుషులు వరసగా కూర్చుని ఉన్నారు.

"ఇదేమిటండీ?" అంటాను.

"పోయిన మాఘంలో పెళ్లండి. విప్పి తెచ్చుకోవడం మర్చిపోయాను."

విస్తళ్లు ఖాళీగా ఉన్నాయి. వడ్డించేవాళ్లు ఎప్పుడూ అవతలి వరసలోనే ఉన్నారు. జరీ కండువా వేసుకున్న ఒక పెద్దాయన నన్ను ఆపుతాడు.

"అమ్మా, మీరు మగపెళ్లివారా?"

"కాదండీ. పక్కింటివాళ్లం."

"అయితే మీ మాటే వింటారు. పప్పు ఎక్కడిదాకా వచ్చిందో కాస్త కనుక్కోండమ్మా."

కనుక్కుంటానని చెప్పి దాటుతాం. కొంత దూరం వెళ్లాక వెనక నుంచి మంగాయమ్మ గారి మాట నడుచుకుంటూ వచ్చి మమ్మల్ని అందుకుంటుంది. "ఏవండీ, గొడుగు తీసుకెళ్లారా?" అని అడుగుతుంది.

"తెచ్చాను!" అని తాతబ్బాయి గారు గట్టిగా అంటారు. "ఇది ఆవిడకి చేరేసరికి మనమే ఇంటికెళ్లిపోతాం. అప్పుడు మళ్లీ, ఎందుకరుస్తున్నారని తిడుతుంది."

తువ్వాలులో అరుపు చల్లబడుతోంది. నేను దాన్ని పొట్టకు ఆనించుకుని నడక వేగం పెంచుతాను.

పెరడు ఒక నూతి దగ్గర ఆగుతుంది. నూతి పక్కన సీజరు పడుకుని ఉంది.

దాని డొక్కల్లో ఎముకలు లెక్కపెట్టవచ్చు. నేను లెక్కపెట్టను. మెడపట్టీ బిగుసుకుపోయి, దాని కింద వెంట్రుకలు ఊడి, తోలు పచ్చిగా ఉంది. చెవుల్లో గోమారులు పట్టి రక్తం తాగుతున్నాయి. సత్తు గిన్నెలో ఎండిన ఆకులు ఉన్నాయి. మెడ నుంచి గొలుసు చాలా దూరం సాగి ఉంది. ఆ గొలుసు రెండో చివర దేనికీ కట్టి లేదు.

ఎండ దాని ఒంట్లోంచి వెళుతోంది. ఇటు నుంచి చూస్తే, దాని వెనక ఉన్న నూతి గట్టు కనిపిస్తోంది, కొంచెం మసకగా.

తాతబ్బాయి గారు గొడుగును దాని మీదకు చాపి పట్టుకుంటారు. గొడుగు నీడ కూడా కుక్క గుండా నేల మీదకు పడుతుంది. "ఇవాళ తినకపోతే ఇంక లేదండి ఇది," అంటారు.

నేను మెడపట్టీ విప్పుతాను. గోమారులు ఒక్కొక్కటే తీసి దూరంగా పారేస్తాను. గిన్నె కడిగి నీళ్లు పోస్తాను. డబ్బా మూత తీసి మూతి దగ్గర పెడతాను. తువ్వాలు విప్పితే అరుపు కిందకు దిగి, కుక్కకు కాస్త ఎడంగా కూర్చుంటుంది.

సీజరు అన్నాన్ని చూడదు. నీళ్లు ముట్టదు.

"పిట్టకి పెట్టినప్పుడు ఏం చేస్తామండి?" అంటారు తాతబ్బాయి గారు. "పక్కకి తప్పుకుని మాటిస్తాం కదా. అలా చేద్దాం."

చనిపోయినవారికి పెట్టిన అన్నాన్ని కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్లకేదో కోరిక మిగిలి ఉందని, దాన్ని తీరుస్తామని బతికున్నవాళ్లు ఒక్కొక్కరే పైకి చెబుతారు. అక్కకు పెట్టిన రోజు మా బంధువులు చాలా చెప్పారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఇప్పుడు మేం నాలుగడుగులు వెనక్కి వచ్చి మొహాలు పక్కకు తిప్పుకుంటాం.

"సీజరూ, రోజూ వేళకి అన్నం పెడతాన్రా," అంటారు ఆయన.

కుక్క కదలదు.

"మెత్తటి గోనె పరుస్తాను. వానొస్తే షామియానా వేయిస్తాను, కొత్తది. ఆదివారం కోడి. ఎముకలు కాదురా, కండే." ఆయన ఆగి, గొంతు తగ్గించి, "మా ఆవిడ నిన్నేమీ అనకుండా చూసుకుంటాను," అంటారు. మళ్లీ నా వైపు తిరిగి, "ఇదొక్కటీ నా చేతిలో లేదండి, అయినా అన్నాను," అంటారు.

కుక్క కదలదు. గట్టు ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తోంది.

"నిన్ను మా ఇంటికి తీసుకెళతాను," అంటాను నేను. "వంటింట్లో చోటుంది."

అప్పుడూ కదలదు.

"తాతబ్బాయి గారూ, ఇది పోయినవాళ్లకు చేసే పని కదండీ. సీజరు బతికే ఉంది," అంటాను.

ఆయన నాలుక కరుచుకుంటారు. "అవునండోయ్. కంగారులో తోచలేదు."

నేను వెళ్లి దాని ముందు కూర్చుంటాను. అది నన్ను చూడటం లేదు. నా భుజం వెనక్కి, మేం వచ్చిన దారిలోకి చూస్తోంది. అక్కా నేనూ బడికైనా, సముద్రం ఒడ్డుకైనా కలిసే వెళ్లేవాళ్లం. అక్క మోకాళ్ల నొప్పితో కొంచెం వెనక వచ్చేది. సీజరు ఆ కొంచెం వెనకను చూస్తోంది.

"దీనికి తెలియదు," అంటాను.

"ఏంటండీ?"

"అక్క సంగతి. ఎవరూ చెప్పలేదా?"

"కుక్కకి ఎవరు చెప్తారండి. మీరు చుట్టాలందరికీ ఫోన్లు చేశారు కదా, అప్పుడే..."

"ఫోన్లు మా పిన్ని చేసింది."

"బళ్లోనో?"

"హెడ్‌మాస్టరు గారు ప్రార్థనలో చెప్పారు."

"మరి మీరెవరికి చెప్పారండీ?"

నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి అందరికీ తెలిసిపోయి ఉంది. వీధి మలుపులోనే నన్ను పట్టుకుని ఏడ్చారు. "ఎవరికీ చెప్పలేదండీ," అంటాను.

ఆయన గొడుగును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటారు. "అయితే మీరే చెప్పాలండి. బయటోళ్లం మేం చెప్తే అది ఊళ్లో మాట. ఇంటోళ్లు చెప్తేనే కబురు."

పిల్లల చేత మాటలు పలికించడం నా పని. పలకలేని పిల్లవాడిని తొందరపెట్టకూడదని, నోరు చూసుకోమని అద్దం ఇవ్వాలని కొత్తగా వచ్చే టీచర్లకు చెబుతుంటాను. ఇప్పుడు నా నోట్లో ఆ మాట ఉంది. అది నోటికంటే పెద్దదిగా ఉంది. దవడలు చాలడం లేదు.

నేను ఆగినకొద్దీ కుక్క తగ్గుతోంది. తోక ఉన్న చోట ఇప్పుడు గడ్డి ఉంది. వెనక కాళ్లు ఉన్న చోట తడి మట్టి ఉంది. కళ్లు మాత్రం దారినే చూస్తున్నాయి.

తాతబ్బాయి గారు ఒకసారి దగ్గబోయి ఆపుకుంటారు.

నేను రెండు చేతులతో దాని తలను పట్టుకుని నా వైపు తిప్పుకుంటాను. తల ఇంకా బరువుగానే ఉంది.

"సీజరూ, మా అక్క సుభద్ర చనిపోయింది," అని చెబుతాను.

మాట బయటికి వస్తుంది. కింద పడదు. మా ఇద్దరి మధ్య, మూతి ఎత్తులో నిలబడుతుంది. సీజరు దాన్ని వాసన చూస్తుంది. ముందు ఒక పక్క, తరువాత రెండో పక్క. చివర ఉన్న భాగం దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది.

తరువాత లేచి నిలబడుతుంది. అన్నం వైపు వెళ్లదు. నూతి వైపు వెళ్లి, గట్టు పక్కన బండరాయి మీద తల వంచుకుని కూర్చుంటుంది.

అది ఏం చేస్తోందో నాకు తెలుస్తుంది. అయినవాళ్లు పోయారన్న కబురు చెవిన పడితే మా వైపు ఉన్నపళంగా తలస్నానం చేస్తారు. ఎంత దూరాన ఉన్నా, ఏ పనిలో ఉన్నా. చెప్పగానే స్నానానికి లేచారంటే వాళ్లు మనవాళ్లని అర్థం.

తాతబ్బాయి గారు గొడుగు మడిచి, పెద్దవాళ్లు స్నానం చేస్తుంటే తిరిగినట్టుగా, అటు తిరిగి నిలబడతారు.

నేను గిలక మీద చేద వదిలి నీళ్లు తోడతాను. సీజరు తల మీద పోస్తాను. నీళ్లు పడిన చోటల్లా ఒళ్లు తిరిగి వస్తుంది. ముందు చెవులు, తరువాత వీపు, చివరికి తోక. పచ్చిగా ఉన్న మెడ దగ్గర అరచేయి అడ్డం పెట్టి పోస్తాను. అది కళ్లు మూసుకుని ఊరుకుంటుంది.

"ఏ వరస అవుద్దండీ మీకు?" అని అటు తిరిగే అడుగుతారు తాతబ్బాయి గారు.

"అక్కకు బాగా దగ్గరండీ. నాకు ఇప్పుడిప్పుడే."

"ఆయ్," అంటారు ఆయన. కండువాతో మొహం తుడుచుకుంటారు. "రేపటి నుంచి నేనొస్తానండి రోజూ. మాటివ్వడం కాదు. ఊరికే చెప్తున్నాను."

సీజరు విదిలించుకోకుండా, తడి ఒంటితో, డబ్బా దగ్గరికి నడుస్తుంది. ఇప్పుడు దాని వెనక ఏముందో కనిపించదు. అది అన్నం తింటుంది. గబగబా తినదు. ఒక ముద్ద తిని, ఆగి, ఇంకో ముద్ద తింటుంది. నీళ్లు తాగుతుంది. డబ్బాను నాకి, ముక్కుతో నా వైపు నెడుతుంది. ఎడంగా కూర్చున్న అరుపు లేచి దాని నోట్లోకి వెళ్లిపోతుంది.

సీజరు తల ఎత్తి ఒక్కసారి మొరుగుతుంది. బంధువుల్లో ఒకరికి కబురు అందితే వాళ్లు ఇంకొకరికి అందిస్తారు. ఆ మొరుగు పెరటి మీదుగా, గోడల మీదుగా, ఇళ్ల కప్పుల మీదుగా తూర్పుకు వెళుతుంది. వెళ్లినంత దూరమూ మేం వింటాం.

కాసేపు ఏమీ ఉండదు. ఆ తరువాత గాలిలో ఉప్పు వాసన వస్తుంది.

"ఎవరో వస్తున్నారండి," అంటారు తాతబ్బాయి గారు.

సముద్రం వస్తోంది. చప్పుడు చేయకుండా, అంచు నేలకు తగలకుండా ఎత్తి పట్టుకుని, కుర్చీల మధ్య నుంచి దారి చేసుకుంటూ వస్తోంది. పడవలను ఒడ్డునే దించి వచ్చినట్టుంది. చావు జరిగిన ఇంటికి వచ్చేవాళ్లలాగే ఎవరినీ పలకరించదు. నూతి దగ్గరికి వచ్చి, నాకు అడుగు దూరంలో ఆగుతుంది.

"నిజమేనా చిన్న టీచరుగారూ?" అని అడుగుతుంది.

"నిజమే. మా అక్క సుభద్ర చనిపోయింది," అంటాను.

సీజరు జరిగి బండరాయి మీద చోటిస్తుంది. నేను చేద నూతిలోకి వదిలి, నిండాక పైకి లాగుతాను. సముద్రం కూర్చుని, నాకు అందేలా తల వంచుతుంది. నేను నీళ్లు పోయడం మొదలుపెడతాను.