దగ్గు ఆపిన రోజు

ఇది మూడోసారి. బందరులో తొలి బస్సెక్కి, పరగడుపున విజయవాడ ఆసుపత్రికి చేరి, మళ్ళీ అవే కుర్చీల్లో కూర్చున్నాం. నాకు విసుగొచ్చేసింది. రోగం మీదా కాదు, బస్సు మీదా కాదు, మా నాన్న మీద, అబ్బాజాన్ మీద.

ఆయన ఊపిరితిత్తిలో చిన్న గడ్డ ఉంది. క్యాన్సరో కాదో తేలాలంటే ముక్క తీయాలి. మొదటిసారి నోట్లోంచి కెమెరా గొట్టం వేశారు, గడ్డ దాకా చూపు అందలేదు. రెండోసారి ఆ గొట్టంలోంచి తీగంత సన్నటి ప్రోబ్ పంపారు. గర్భిణులకు తీసే స్కానింగ్ లాంటిదే, లోపలి నుంచి బొమ్మ చూపిస్తుందట. తెరమీద గడ్డ కనిపించడం, అబ్బాజాన్ దగ్గడం, ప్రోబ్ జారిపోవడం. ఆ రోజు నాలుగుసార్లు ప్రయత్నిస్తే నాలుగుసార్లూ ఇదే వరస. గుండె బలహీనం కాబట్టి పూర్తి మత్తు ఇవ్వలేమన్నారు.

"ఈసారి కాస్త ఆపుకోండి సలాం గారూ," అన్నారు డాక్టర్ దీప్తి.

"నా చేతుల్లో ఉందాండీ?" అన్నారాయన.

నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు రోల్డ్‌గోల్డ్ గొలుసులకు అతుకులేసిన మనిషి ఆయన. ఊదుగొట్టం నోట పెట్టుకుని, ముక్కుతో గాలి పీలుస్తూ, బుగ్గల్లోని గాలితో మంటను కదలకుండా నిలబెట్టేవారు. గొంతు ఎంత గరగరలాడినా అతుకు పడేదాకా దగ్గేవారు కాదు.

డాక్టర్ అటు వెళ్ళగానే అడిగేశాను. "కావాలనే దగ్గుతున్నారు కదూ?"

"డాక్టర్లు పేరు పెట్టేదాకా అది ఉత్త దగ్గే కదమ్మా, ఫర్హానా," అన్నారాయన.

నా కోపం ఎటు పోయిందో తెలీదు. భయం ఆయనకంటే నాకే ఎక్కువగా ఉందని అప్పుడర్థమైంది. అయినా అన్నాను, "ఊదుగొట్టం నోట్లో ఉందనుకోండి. నాకోసం."

ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. అరగంటకు డాక్టర్ బయటికొచ్చారు. "ఒక్కసారి కూడా దగ్గలేదమ్మా. ప్రోబ్ గడ్డ మధ్యలో అలాగే నిలబడింది. ఐదు ముక్కలు తీశాం." నా పక్క కుర్చీలో కూర్చున్నారు. "మైక్రోస్కోప్ కింద అక్కడికక్కడే చూశారు. క్యాన్సరేనమ్మా. చిన్నగా ఉన్నప్పుడే తెలిసింది, అదే నయం."

నేను మూడుసార్లు బస్సెక్కింది ఈ మాట కోసమే. విన్నాక లేచి లోపలికి నడిచాను.

లోపల అబ్బాజాన్ పెదవులు బిగించుకుని పడుకున్నారు. కళ్ళ నిండా నీళ్ళు.

"దొరికిందా?" అన్నారు.

"దొరికింది అబ్బాజాన్."

"అయితే ఇక దగ్గొచ్చా?"

తలూపాను. నా చెయ్యి పట్టుకుని, మంచం ఊగేలా దగ్గారు.