పెద్ద టీ, చిన్న టీ, నాలుగు గుంటలు

నేను ఒక ఇడ్లీ రేకుని. నాలుగు గుంటలున్న సత్తు రేకుని. నా గురించి ఇంతకంటే చెప్పుకోవాల్సింది లేదని మీరనుకుంటే తప్పులేదు. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను.

రాజమండ్రిలో ఒక కార్ఖానాలో బల్లపరుపుగా ఉన్న నన్ను ఒక యంత్రం ఒకే దెబ్బతో నాలుగు చోట్ల లోపలికి నొక్కింది. అదే దెబ్బ మనిషికి తగిలితే జీవితాంతం చెప్పుకుంటాడు. నన్నూ మరో నాలుగు రేకుల్నీ కలిపి, సామర్లకోట బస్టాండు పక్కన టిఫిన్ బండి నడిపే నూకరత్నం కొనుక్కుంది. ఆరేళ్ళు ఆమె దగ్గర ఆవిరిలో ఉడికాను. ఒక పొద్దున చెయ్యి జారి సిమెంటు గట్టు మీద పడ్డాను. అంచు వంకరపోయింది. ఆ తర్వాత నాలో పోసిన పిండి ఒక పక్కకే జారి, ఇడ్లీలు నెలవంకల్లా వచ్చేవి. అప్పుడు నన్ను చట్నీ బకెట్ మీద మూతగా పెట్టారు. చిల్లులున్న మూత వల్ల బాగుపడింది ఈగలే.

నూకరత్నానికి ఒక్కతే కూతురు, లోవకుమారి. ఇంటర్ బైపీసీ చదివింది. వాళ్ళ నాన్న ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజుల్లో ఆయన్ని మంచం నంబరుతో కాకుండా పేరు పెట్టి పిలిచింది ఒకే ఒక్క నర్సట. ఆయన తిరిగి రాలేదు. లోవ మాత్రం నర్సే అవుతానని కూర్చుంది. కిందటేడు నర్సింగ్ ప్రవేశ పరీక్షలో నాలుగు మార్కులతో సీటు పోయింది. తాతలనుంచి మనవలకు పొడుగూ పొట్టీ ఎలా వస్తాయో అడిగే అనువంశికత లెక్కలన్నీ ముట్టుకోకుండా వదిలేసి వచ్చింది.

"ఈసారీ రాకపోతే రొయ్యల కంపెనీకి పోదువు గాని. వొలుచుకుంటా కూచో," అంది నూకరత్నం. కోపంతో కాదు, అలసటతో.

పరీక్ష ఇంక నెల ఉందనగా, లోవ బండి వెనక స్టూలు మీద కూర్చుని పుస్తకం తెరిచి పైకి చదవడం మొదలుపెట్టింది. "పెద్ద టీ ఒకటి, చిన్న టీ ఒకటి. ఇటు పెద్ద టీ, చిన్న టీ. అటు పెద్ద టీ, చిన్న టీ..."

"నాకు చిన్న టీ చాలమ్మా. పంచదార వద్దు," అన్నాడు వీర్రాజు. ఆయన ట్రాక్టర్ల మెకానిక్కు, రోజూ వచ్చే మనిషి.

"అది తాగే టీ కాదు బాబాయ్. బఠాణీ మొక్క పొడుగుకి పెద్ద టీ, పొట్టికి చిన్న టీ."

వీర్రాజు కాసేపు ఆలోచించాడు. "మరి టీ ఎప్పుడిస్తావు?"

పుస్తకంలో ఆ లెక్కకు నాలుగు గళ్ళు గీశారు. లోవకు గళ్ళు చూస్తే కళ్ళు తిరిగేవి. అటూ ఇటూ చూసి నన్ను పట్టుకుంది. పొట్టు మినుములు పెద్ద టీ అనుకుంది, పొట్టు తీసిన తెల్లవి చిన్న టీ. ఒక్కో గుంటలో రెండేసి గింజలు వేసింది. ఒకదాంట్లో రెండూ నల్లవి. రెండింట్లో ఒక నలుపు, ఒక తెలుపు. చివరిదాంట్లో రెండూ తెల్లవి. నల్లగింజ ఒక్కటున్నా మొక్క పొడుగే. మూడు పొడుగు, ఒకటి పొట్టి! లోవ ఎగిరి గంతేసింది. ఇన్నాళ్ళకు మళ్ళీ నాలో మినుములు పడ్డాయి. అయితే ఉడకలేదు.

అక్కణ్ణుంచి బండి దగ్గర తినేవాళ్ళంతా చదువులో పడ్డారు. ఒకరోజు లోవ చదివింది: "తండ్రి రక్తం ఓ గ్రూపు, తల్లిది ఏబీ. బిడ్డకు ఓ వచ్చే అవకాశం ఎంత?" గింజలు మార్చి మార్చి వేసింది. రెండు గుంటల్లో ఏ వచ్చింది, రెండింట్లో బీ. ఓ ఎక్కడా లేదు.

"సున్నా," అంది.

తినేవాళ్ళంతా లోవకేసి తిరిగారు.

"మరి ఆ పిల్లోడి గతేంటి?" అన్నాడు వీర్రాజు.

"పిల్లోడు లేడు బాబాయ్. లెక్క."

"ఆసుపత్రిలో మారిపోయుంటాడు," అంది చేపలమ్మే మంగాయమ్మ, గంప దించుకుంటూ.

"మంచి కుటుంబంలా ఉన్నారండీ. ఎక్కడో ఒక గుంటలో సర్దమ్మా," అని వీర్రాజు బతిమాలాడు. అప్పటికి ఆ దంపతులది పిఠాపురమని ఒకరు, కాదు పెద్దాపురమని ఒకరు వాదులాడుకుంటున్నారు. ఇడ్లీలు చల్లారిపోయాయి. పుట్టని బిడ్డ కోసం ఇంతమంది కంగారు పడటం నేనెప్పుడూ చూడలేదు.

పరీక్షకు పది రోజుల ముందు లోవ నమూనా పరీక్ష రాసి వచ్చింది. ఇలాంటి ప్రశ్నలు మూడొస్తే మూడూ తప్పు. "తల్లిదండ్రులిద్దరిలోనూ చర్మానికి రంగు లేకుండా చేసే జన్యువు దాగి ఉంది. మొదటి ముగ్గురు బిడ్డలూ మామూలుగా పుట్టారు. నాలుగో బిడ్డ రంగు లేకుండా పుట్టే అవకాశం ఎంత?" లోవ నూటికి నూరు అని రాసింది. మూడు గుంటలు నిండాయి, మిగిలింది నాలుగోదే కదా! జవాబేమో నాలుగింట ఒక వంతు. ఎందుకో పుస్తకం చెప్పలేదు.

"దీని మూలంగానే," అని నన్ను విసిరికొట్టింది. వెళ్ళి మంగాయమ్మ గంప పక్కన పడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు గుంటలుండటం నా తప్పు కాదు. అయినా దానివల్ల ఒక పిల్ల రొయ్యల కంపెనీకి పోతుందంటే ఎలా ఉంటుంది?

మంగాయమ్మ నన్ను తీసి కొంగుతో తుడిచింది. ప్రశ్న మళ్ళీ చదవమంది. విని నవ్వింది.

"నాకు వరసాగ్గా ముగ్గురాడపిల్లలు. నాలుగోది మగపిల్లోడే, తప్పదని మా అత్త లెక్కేసింది. పుట్టకముందే రాజా అని పేరు కూడా ఎట్టేసింది. నాలుగోదీ ఆడపిల్లే పుట్టింది. ఇప్పటికీ దాన్ని రాజా అనే పిలుత్తాం. కడుపులో ఉన్నదానికి ముందు పుట్టినోళ్ళ లెక్క తెలుత్తాదేటమ్మా? ఎప్పటికప్పుడే మొదలు."

లోవ పుస్తకం మూసేసింది. తర్వాత రెండు గిన్నెలు తెచ్చింది. తండ్రి గిన్నె, తల్లి గిన్నె. రెండింట్లోనూ నల్లవీ తెల్లవీ సగం సగం. కళ్ళు మూసుకుని ఒక్కో గిన్నెలోంచి ఒక్కో గింజ తీసి ఒక గుంటలో వేసింది. అది ఒక బిడ్డ. మళ్ళీ తీసింది. ఒకసారి నాలుగు గుంటల్లోనూ నలుపు పడింది. ఇంకోసారి వరసగా ఇద్దరు బిడ్డలు తెల్లతెల్లగా వచ్చారు. "అయ్యో, ఆ తల్లి!" అన్నాడు వీర్రాజు. కాకినాడ బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది, ఎక్కాల్సిన వాళ్ళు ముగ్గురు అక్కడే ఉండిపోయారు. నూకరత్నం గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది. కూతురు ఏం చదువుతోందో ఆమె చూడటం అదే మొదటిసారి.

"అంటే గుంటలు పిల్లలు కాదమ్మా. ప్రతి బిడ్డకీ నాలుగు దారులుంటాయి. ప్రతిసారీ నాలుగూ ఉంటాయి," అంది లోవ.

 నూకరత్నం ఆ పది రోజులూ కూతుర్ని గిన్నెలు కడగనివ్వలేదు.

పరీక్షలో లోవ కాగితం అంచున నాలుగేసి గుండ్రాలు గీసి లెక్కలు చేస్తుంటే, కాపలా ఉన్న మేడమ్ వంగి చూసి "ఆకలేస్తోందా?" అని అడిగిందట. సీటొచ్చింది. ఆ రోజు బండి దగ్గర తిన్నవాళ్ళందరికీ వీర్రాజు చెప్పిందే చెప్పాడు: "మా రేకుకి వచ్చిందండీ ర్యాంకు."

లోవ నన్ను కాలేజీకి తీసుకెళ్ళింది. జూనియర్లకు నాతోనే లెక్కలు చెప్పేది. చూసి ముచ్చటపడిన టీచరు నన్ను నమూనాల గదిలో అద్దాల బీరువాలో పెట్టించింది. 'అనువంశికత నమూనా, నంబరు ఒకటి' అని చీటీ అంటించారు. నాకు కుడివైపు ప్లాస్టిక్ మూత్రపిండం, ఎడమవైపు సగానికి కోసిన గుండె. ఇద్దరూ పెద్దగా మాట్లాడరు.

మొన్న కొత్తగా చేరిన ఒక పిల్ల గదంతా తిరిగి వచ్చి నా ముందు ఆగింది. చూస్తూ చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కనే గుండె ఉంది. దాన్ని చూసి ఇంతవరకు ఎవరూ కంటతడి పెట్టలేదు.

లోవ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "ఏ ఊరమ్మా మీది?"

"రంపచోడవరం అక్కా. మా అమ్మ రోజూ పొద్దున్నే ఇడ్లీ..." మాట పూర్తికాలేదు.

"పద, ముందు తిందాం. చదువెక్కడికీ పోదు."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "ఈరోజు టిఫినేంటక్కా?"

"ఉప్మా," అంది లోవ.

ఆ పిల్ల మళ్ళీ ఏడుపందుకుంది.