కళ్లు రెండూ వదిలిపెట్టి

సోమవారం ఆదోని కోర్టులో మారెప్ప కేసు తేలిపోతుంది. "చిన్నప్పటినుంచీ వాణ్ని ఎరిగిన పెద్దమనిషి ఒకరొచ్చి వాడికేం జరిగిందో చెబితే, మేజిస్ట్రేటు మెత్తబడొచ్చు" అన్నాడు వకీలు. మారెప్ప తల్లి ఈరమ్మ ఎరిగిన పెద్దమనుషుల్లో ప్రాణంతో మిగిలింది ఒక్కరే, ఎమ్మిగనూరులో బడి నడిపిన బాలకృష్ణయ్య అయివారు.

అయివారు పిల్లల్ని స్వయంగా కొట్టేవాడు కాదు, చెయ్యి నొప్పని. లెక్క చెప్పిన పిల్లోడే, చెప్పలేనివాళ్ల ముక్కు ఎడంచేత్తో పట్టుకుని కుడిచేత్తో చెంప వాయించాలి. చెప్పేది ఎప్పుడూ హనుమంతరాయుడు. చెప్పలేనిది ఎప్పుడూ మారెప్ప. కొన్నాళ్లకు లెక్కతో పని లేకుండా పోయింది. బడి వదిలాక దారిలో నలుగురు పట్టుకుంటే హనుమంతరాయుడు వాయించేవాడు. మారెప్ప ఇంటికి పారిపోయి వస్తే, ఈరమ్మ మగ్గం దిగి, రెక్క పట్టుకుని మళ్లీ బడికి లాక్కుపోయేది.

పదేళ్లకు మారెప్ప తనకన్నా చిన్నవాళ్ల ముక్కులు పట్టాడు. పదహారేళ్లకు సంతలో జేబులు పట్టాడు. బడిలో ఒంటబట్టిన చదువు అదొక్కటే. చివరికి ఆదోని పత్తి మండీలో హమాలీగా కుదిరితే, అక్కడ హనుమంతరాయుడు గుమాస్తా. నలుగుర్నీ నవ్వించడానికి "ఏడెనిమిదులు ఎంతప్పా మారెప్పా" అంటూ ముక్కు పట్టుకున్నాడు. మారెప్ప చేతిలో మూటలు లాగే ఇనుప కొక్కెం ఉంది. హనుమంతరాయుడికి ఇప్పుడు ఒకటే చెవి.

ఈరమ్మ బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్లేసరికి అయివారు అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"బళ్లో వాణ్ని దినామూ కొట్టిచ్చినది సెప్పండి సామీ. అంతే సాలు."

"కోర్టులో నిలబడి నా పరువు నేనే తీసుకోవల్లనా?" అయివారు ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. "వాణ్ని బళ్లో వేసిన పొద్దు నువ్వేమన్నావో మర్చిపోయినావా?"

ఈరమ్మ మర్చిపోలేదు. కళ్లు రెండూ వదిలిపెట్టి, మిగతాదంతా మీ ఇష్టం అయివారూ. ఊళ్లో ప్రతి తల్లీ బెల్లంతో, కొబ్బరిచిప్పతో పాటు ఆ మాటనూ అయివారి చేతిలో పెట్టి వచ్చేది.

"నేనే అన్న్యా సామీ. అదే సెప్పండి. తప్పంతా తల్లిదే అనండి. నన్నే లోపలెయ్యమనండి."

"దానికి చట్టం ఇంకా రాలేదులే. బస్సుకు పొద్దుపోతాంది, పో." దోసెడు శెనక్కాయలు ఆమె కొంగులో పోశాడు. "దావలో తిను."

సోమవారం మేజిస్ట్రేటు, ముద్దాయి తరఫున ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఈరమ్మ లేచింది. ముక్కు సంగతి, చెంప సంగతి, తాను లాక్కుపోయిన సంగతి, తోచినట్టు చెప్పుకుంది. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు.

"సరేనమ్మా. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

నోటిదాకా వచ్చింది ఒకటే మాట. పెద్దమనిషి చేతికి బిడ్డను అప్పగించేటప్పుడు ఆమెకు వేరే మాట రాదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

"రెండేళ్లు" అన్నాడు మేజిస్ట్రేటు.

వరండాలో పోలీసులు మారెప్పను నడిపించుకుపోతుంటే ఈరమ్మ అడ్డం పోయింది. జవాను పాపం ఆగాడు. కొంగు విప్పి శెనక్కాయలు కొడుకు దోసిట్లో పోసి, చెంప నిమురుదామని చెయ్యెత్తింది.

శెనక్కాయలు నేలపాలయ్యాయి. ఇరవై మూడేళ్ల మారెప్ప బేడీలతోనే రెండు చేతులూ ఎత్తి ముక్కు మూసుకున్నాడు.