రెండో కుప్ప

గనిలోంచి మగవాళ్లు మోసుకొచ్చిన రాయిలో మేలైనదంతా లారీ ఎక్కేస్తుంది. పనికిరాదని పారబోసినది మొదటి కుప్ప. దాన్ని ఆడవాళ్లు ముందేసుకుని కూర్చుంటారు. నీళ్లు చల్లి, సుత్తితో చితక్కొట్టి, రాగి ఉన్న పచ్చటి ముక్కల్ని బుట్టలోకి ఏరతారు. వాళ్లు వెనక్కి విసిరేసింది రెండో కుప్ప. కొత్తగా వచ్చినవాళ్లకు అదే గతి. కూలి మాత్రం అందరికీ బుట్ట లెక్కే.

పెద్దకోడలిది పదేళ్లుగా మొదటి కుప్ప. చిన్నకోడలు, మొగుడు కాలు విరిగి మంచాన పడ్డాక, ఈమధ్యే రెండో కుప్పకు వచ్చింది. తోడికోడళ్లిద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు. వంటగది తలుపు ఏ వైపు పెట్టాలన్న దగ్గర మొదలైన గొడవ పుట్టిళ్లను తిట్టుకునేదాకా పోయింది. ఇప్పుడు ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు.

మొదటి రోజు చిన్నకోడలి బుట్ట అడుగు కూడా నిండలేదు. పెద్దకోడలు ఓరకంట చూసింది. మర్నాటినుంచి గంటకు నాలుగైదు మంచి ముక్కలు ఆమె చేతిలోంచి పొరపాటున జారినట్టు వెనక్కి పడసాగాయి. పలకరించాలంటే ప్రాణం పోయేది కానీ, ఈ పని తేలిగ్గానే చేయగలిగింది.

చిన్నకోడలి బుట్ట నిండింది. నోరు ఊరుకుంటుందా? "మా అక్కకి చూపు ఆనట్లేదు పాపం. మంచివన్నీ వదిలేస్తోంది" అని అందరి దగ్గరా అంది. ఆ మాట మేస్త్రీ చెవిన పడనే పడింది.

"ఏమమ్మా, కళ్లు కనబడట్లేదా?" అన్నాడు మేస్త్రీ. "రేపట్నుంచి నువ్వు రెండో కుప్పకి, ఆమె నీ చోటికి. అక్కడా బుట్ట నింపలేకపోతే ఇంటి దగ్గరే ఉండు."

నిజం చెబితే చిన్నకోడలి పనీ పోతుందేమో. పెద్దకోడలు పళ్ల బిగువున ఊరుకుంది.

మర్నాడు చిన్నకోడలు మొదటి కుప్ప మీద నీళ్లు చల్లింది. పిడికెడంత ముక్కలు పచ్చగా బయటపడ్డాయి. ఇవి ఎవరి కంట పడవు? వెనక్కి తిరిగి చూసింది. మధ్యాహ్నమవుతున్నా పెద్దకోడలి బుట్ట ఖాళీగానే ఉంది. సిగ్గుతో చిన్నకోడలికి తల కొట్టేసినట్టయింది. సుత్తి పడేసి మేస్త్రీ దగ్గరికి నడిచింది.

"మా అక్క చూపుకేం రోగం లేదండీ. కావాలనే నాకు వదిలింది. నాకే అర్థం కాలేదు."

"అంటే నన్ను వెర్రివాణ్ణి చేశారన్నమాట! నెల్లాళ్లు ఇద్దరూ రెండో కుప్పకే" అన్నాడు మేస్త్రీ.

పెద్దకోడలికి ఒళ్లు మండింది. కళ్లలో నీళ్లూ తిరిగాయి.

"నోరు మూసుకుని కూర్చుంటే నీ సొమ్మేం పోయిందే? మంచి కుప్ప పోగొట్టుకున్నావ్" అంది. మూడేళ్ల తర్వాత తోడికోడలితో ఆమె అన్న మొదటి మాట అది.

"మరి నువ్వెందుకు మూసుకున్నావక్కా?" అంటూ చిన్నకోడలు బుట్టతో సహా వచ్చి ఎదురుగా నిలబడింది.

పెద్దకోడలు కాస్త జరిగి చోటిచ్చింది.