పడవ మునిగిన తారీఖు

పొద్దున్నే ఏడింటికి సరస్సు ఒడ్డు రేడియోలో వైసన్ గోండ్వే ‘ఈ రోజున’ చదువుతాడు. ఎవరు పుట్టారు, ఏ యుద్ధం ముగిసింది, ఏ రాజు పోయాడు. ఇరవై ఏళ్ళుగా ఊరు ఆ గొంతు వింటూనే పళ్ళు తోముకుంటోంది.

ఆ గొంతు చదివిన పచ్చి అబద్ధం ఒకటుంది. పద్దెనిమిదేళ్ళ కిందట ఫిబ్రవరి పన్నెండున పడవ మునిగి తొంభై మంది పోయారు. అదే రోజు ఆ ప్రాంతాన్నేలే పెద్ద చీఫ్ పుట్టినరోజు. పండగ ఆపడానికి వీల్లేదని, ప్రమాదం పదిహేనున జరిగినట్టు చదివించారు. పోయినవాళ్ళలో వైసన్ భార్య టవోంగా కూడా ఉంది. అయినా ఏటా పదిహేనునే చదివాడు, పిరికివాడు. చీఫ్ చచ్చాక, నిరుడు, మైకు ముందు ఏడుస్తూ తప్పు దిద్దుకున్నాడు.

ఇప్పుడు చేపలమ్మే ఎలిటా వచ్చి కాళ్ళమీద పడింది. పడవ మునిగిన సాయంత్రమే ఆమె కొడుకు కొండ్వానీ పుట్టాడు, ఇంట్లోనే, ఆస్పత్రి కాగితం లేకుండా. బడిలో కూడా ‘పడవ మునిగిన రోజు’ అనే రాయించింది. ఈ ఫిబ్రవరి పదమూడున వాడు బీరు కొట్టు దగ్గర ఒకణ్ణి పొడిచి చంపాడు. పన్నెండున పుట్టి ఉంటే వాడికి పద్దెనిమిది నిండినట్టే, ఇక జైల్లోనే ముసలివాడవుతాడు. పదిహేనున పుట్టి ఉంటే ఇంకా పిల్లాడే.

“అన్నా, పదిహేను అని చెప్పు. అన్నేళ్ళు చెప్పావుగా, ఇంకోసారి చెబితే నోరు అరిగిపోద్దా?”

“నిరుడు ఊరందరికీ వినబడేలా దిద్దానే, ఎలిటా!”

“దిద్దితే దిద్దావులే. చచ్చినోళ్ళకి ఏ తారీఖైతే ఏంటి? నా బిడ్డ బతికున్నాడు.”

వైసన్‌కు ఒళ్ళు మండింది. టవోంగాను మళ్ళీ అబద్ధంలోకి తోయమంటోంది. కానీ ఆ తల్లి మొహం చూసి కాదనలేకపోయాడు.

కోర్టులో ప్రమాణం చేసి “పదిహేను” అన్నాడు. నిరుటి మాట సంగతి అడిగితే, “ముసలితనం, పొరబడ్డానయ్యా” అన్నాడు. జడ్జి రాసుకున్నాడు. ఎలిటా కళ్ళు తుడుచుకుంది.

సర్కారు వకీలు మెల్లగా లేచాడు. “గోండ్వే గారూ, ఆ పడవలో పోయిన మీ ఆవిణ్ణి ఎప్పుడు పూడ్చారు?”

అన్ని ప్రశ్నలకూ జవాబు వల్లెవేసుకొచ్చాడు, ఈ ఒక్కదానికి తప్ప. పండగలో చావు కనబడకూడదన్న చీఫ్ మనుషుల కంట పడకుండా ఆ గొయ్యి తన చేతులతోనే తవ్వుకున్నాడు.

“పద్నాలుగున, పొద్దున్నే” అన్నాడు.

వకీలు కూర్చున్నాడు. జడ్జి కలం ఆగిపోయింది. ఎలిటా తల పట్టుకుని నేలమీద చతికిలబడింది.

బోనులోంచి కొండ్వానీ వంగి చూశాడు. “ఏమైందమ్మా? ఆయన బాగానే చెప్పాడుగా?”